క్యారేజీలో కవరు, కవర్లో సాంబారు

పొద్దున్నే ఇడ్లీ కోసం వీధి చివర టిఫిన్ సెంటర్‌కి పనిగట్టుకుని స్టీల్ క్యారేజీ పట్టుకెళ్లానా, ఆయన పొగలు కక్కుతున్న సాంబారుని గరిటెతో పల్చటి కవర్లో పోసి, గిర్రున తిప్పి ముడేసి, ఆ కవర్ని తెచ్చి నా క్యారేజీలో పెట్టాడు!! ఏంటి బాబాయ్ ఇది అంటే "ఒలికిపోకుండా ఉంటదమ్మా" అంట. పట్టుకుంటే ఆ వేడికి మెత్తగా సాగుతోంది కవరు. 120 మైక్రాన్ల (అంటే 0.12 మిల్లీమీటర్ల) మందం లోపు క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచే బ్యాన్ కదా, ఇదేమో ఉల్లిపొర కన్నా పల్చగా ఉంది.

సరే టీ అయినా పేపర్ కప్పులో సేఫ్‌గా తాగుదామంటే దాని లోపల కూడా ప్లాస్టిక్ పొరే, ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో టెస్ట్ చేస్తే 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో 15 నిమిషాల్లో 25,000 దాకా మైక్రోప్లాస్టిక్ ముక్కలు, అంటే కంటికి ఆనని ప్లాస్టిక్ నలుసులు తేలాయి.

ఇక వాటర్ క్యాన్ సంగతి అడక్కండి. మే నెల ఎండలో ట్రాలీ ఆటో మీద మధ్యాహ్నం దాకా ఊరేగి, ఒళ్లంతా గీతలతో వస్తది. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ క్యాన్ అయితే అందులో బీపీఏ అనే కెమికల్ ఉంటది, వేడికి ఇంకా ఎక్కువ దిగుతుంది నీళ్లలోకి, ఒంట్లో చేరి ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ల హార్మోన్ లాగా యాక్ట్ చేస్తది. యూరప్‌లో 2024 డిసెంబర్లో ఫుడ్ ప్యాకింగుల్లో ఈ బీపీఏ వద్దని రూల్ తెచ్చారు. మన క్యాన్ అబ్బాయేమో "చల్లగా కావాలా అక్కా, పది ఎక్స్‌ట్రా" అంటాడు.

రేపు చట్నీకి ఇంకో డబ్బా తీసుకెళ్తా, దాంట్లో కూడా కవరే పెడతాడేమో ఖర్మ.