పొలాన్ని పొలంగా ఉంచే రైతుకు విలువ కట్టాలి

హైదరాబాద్ శివారున చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి పరిసరాల్లో ఎన్నో పొలాల అమ్మకం తండ్రి పెద్దకర్మ ముగిసిన వారానికే చర్చకు వస్తుంది. మూడెకరాలు ముగ్గురికి పంచితే తలా నలభై గుంటలు. బోరు ఒకరి వాటాలో పడుతుంది, బండిబాట మరొకరి వాటాలో. ఊళ్లో ఉండి సాగు చేసేది ఒక్కరే. నగరంలో స్థిరపడిన మిగతా ఇద్దరూ తమ వాటా సొమ్ము అడుగుతారు. అది వారి హక్కు, తప్పుపట్టడానికి లేదు. ఎకరం కోట్లు పలికే చోట టమాటా, బంతిపూలు పండించి తోబుట్టువుల వాటా కొనడం ఏ రైతు తరమూ కాదు. అలాంటప్పుడు బయానా పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది వెంచర్ వేసేవారే. కొద్ది నెలల్లోనే ఆ బోరు చుట్టూ సున్నం కొట్టిన హద్దురాళ్లు లేస్తాయి.

దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు, 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు కుంచించుకుపోయింది. తరం మారినప్పుడల్లా పొలం చిన్నదవుతుంటే, నగరం పక్కన అది ఏకంగా మాయమవుతోంది.

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడేందుకు 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. జలాశయాలకు ఆ జీవో చేసిన మేలు చిన్నది కాదు. కానీ నగరం తాగే నీటి కోసం భూములను అలాగే ఉంచమన్న ప్రభుత్వం, అందుకు రైతులకు ఇచ్చే పరిహారం మాట ఎత్తలేదు. పక్క గ్రామంలో భూమి ధర ఎగబాకుతుంటే తమ భూములకు గిరాకీ లేదన్న ఆక్రోశం ఆ ఊళ్లలో ఏళ్ల తరబడి పేరుకుపోయింది. చివరికి 2022లో జీవో 69తో ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. భారమంతా రైతు నెత్తినే మోపిన పరిరక్షణ ఎంతకాలం నిలుస్తుంది?

న్యూయార్క్ రాష్ట్రంలోని సఫోక్ కౌంటీ ఈ చిక్కుకు 1974లోనే ఒక దారి వెతికింది. భూమి రైతుదే, అందులో ఇళ్లు, దుకాణాలు కట్టుకునే హక్కును మాత్రం ప్రభుత్వం డబ్బిచ్చి కొంటుంది. ఆ షరతు భూమి రికార్డుల్లోకెక్కి తరతరాలకూ వర్తిస్తుంది. రైతు దున్నుకోవచ్చు, పిల్లలకు రాసివ్వవచ్చు, అమ్ముకోవచ్చు. కొన్నవారూ ఆ షరతుకు కట్టుబడాల్సిందే. తర్వాత మేరీలాండ్, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాలూ ఇదే బాట పట్టాయి. పంపకాల వేళ ఈ పద్ధతి ఎంతో అక్కరకొస్తుంది. వచ్చిన సొమ్ముతో సేద్యం చేసే బిడ్డ తోబుట్టువుల వాటా తీర్చగలుగుతుంది. కట్టే హక్కు పోయిన భూమి ధర సాగు విలువకు దగ్గరగా దిగుతుంది కనుక కొత్తగా సేద్యంలోకి వచ్చేవారికీ అందుతుంది. మన దేశంలోనే కేరళ, వరిపొలాలను కాపాడే యజమానులకు హెక్టారుకు ఏటా 2,000 రూపాయల రాయల్టీని 2020లో మొదలుపెట్టింది. మొత్తం స్వల్పమే అయినా, పొలాన్ని నిలపడం సమాజానికి చేసే సేవ అని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది.

హైదరాబాద్‌కు ఇది కొత్త విద్యేమీ కాదు. రోడ్డు విస్తరణలో స్థలం కోల్పోయినవారికి ఇక్కడ టీడీఆర్ (బదిలీ చేసుకోదగిన నిర్మాణ హక్కు) పత్రాలు ఇస్తున్నారు. బిల్డర్లు వాటిని కొని అదనపు అంతస్తులు వేసుకుంటున్నారు. తన పొలంలో ఎన్నటికీ నిర్మాణం చేయనని రాసిచ్చే రైతుకూ అలాంటి పత్రం ఎందుకివ్వకూడదు? సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చినప్పుడు వసూలు చేసే నాలా రుసుములో కొంత భాగాన్ని ఇందుకు నిధిగా కేటాయించాలని మేము కోరుతున్నాం. ఒక పొలం పోయినప్పుడు వచ్చిన డబ్బు మరో పొలాన్ని నిలపడానికి వెళ్లడం న్యాయం.

జాగ్రత్తలు తప్పవు. ఈ సొమ్ము ఈతకొలనుల ఫాంహౌస్‌లకు చేరకూడదు. వరుసగా సాగు చేస్తున్నట్టు రుజువున్న కుటుంబాలకే దక్కాలి. కౌలుదారు ఉన్నచోట అతని సాగుకు భరోసా ఉండాలి. షరతు పాసుపుస్తకంలోనూ, భూమిపై ఉన్న లావాదేవీలు చూపే ఈసీలోనూ కనిపించాలి. ఒప్పందం రాసుకున్న సర్వే నంబర్లలో భూవినియోగ మార్పిడికి ఏ స్థాయిలోనూ వీలుండకూడదు. అలా కాకుంటే సొమ్మూ పోతుంది, పొలమూ పోతుంది.

తొలి విడతగా జంట జలాశయాల ఎగువన, ఇష్టపడి ముందుకొచ్చే కుటుంబాలతో దీన్ని ప్రారంభించాలి. ధరను గ్రామసభలో ప్రకటించాలి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) తర్వాతి బృహత్ ప్రణాళికలో ఈ పొలాలకు సర్వే నంబర్లతో సహా చోటుండాలి.