డెసిబెల్స్ అంకె చూసి ఇయర్‌బడ్స్ కొనవచ్చా?

పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218 నంబరు బస్సు కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు నాయిస్ క్యాన్సలింగ్ ఇయర్‌బడ్స్ చెవుల్లో పెట్టుకొని చూడండి. పాదాల కింది నుంచి సీటులోకి, సీటులోంచి ఒంట్లోకి పాకే ఇంజిన్ హోరు ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఒళ్లు అదురుతూనే ఉంటుంది గానీ ఆ అదురుకు తగిన చప్పుడు మాత్రం చెవికి చేరదు. అదే సమయంలో బిగువు వదిలిన కిటికీ అద్దం గడగడలు, వెనక ఆటో హారన్, ‘టికెట్, టికెట్’ అంటూ దగ్గరికొచ్చే కండక్టర్ గొంతు కాస్త పలచబడినా వినిపిస్తూనే ఉంటాయి. కొత్తగా కొన్నవారిలో చాలామంది నిరుత్సాహపడేది ఇక్కడే. మూడు వేల రూపాయల జతలోనైనా, పాతిక వేల రూపాయల జతలోనైనా ఈ తేడా ఉండి తీరుతుంది. అది ఎందుకు ఉంటుందో తెలియకుండా ఇయర్‌బడ్స్‌ను పోల్చడానికి కూర్చుంటే, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన అంకెలే చివరికి నిర్ణయం చేస్తాయి.

ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఆగి ఉన్న బస్సులో నిమిషానికి 600 సార్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు పది తిప్పులు. ఒక్కో తిప్పులో మూడు సిలిండర్లలో ఇంధనం మండుతుంది కాబట్టి, అందులోంచి వచ్చే ప్రధాన శబ్దం సెకనుకు 30 కంపనాలు, అంటే 30 హెర్ట్జ్. గాలిలో ఆ తరంగం పొడవు 11 మీటర్ల పైమాటే, దాదాపు బస్సంత పొడవు. ఇంత నిదానంగా వచ్చే తరంగాన్ని ఇయర్‌బడ్ బయటి మైక్ తీరిగ్గా పట్టుకొని, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని లోపలి స్పీకర్ ద్వారా వదులుతుంది. ఒకదాని ఎగుడు మరొకదాని దిగుడును పూడ్చేయడంతో రెండూ చెల్లిపోతాయి. చెవి వైపున్న రెండో మైక్ ఇంకా ఎంత శబ్దం మిగిలిందో గమనిస్తూ లెక్కను సరిచేస్తుంటుంది.

చిక్కంతా సమయంతోనే వస్తుంది. 100 హెర్ట్జ్ హోరు తరంగం ఎత్తును పదో వంతుకు, అంటే శబ్ద తీవ్రతను కొలిచే డెసిబెల్స్ లెక్కలో 20 మేరకు తగ్గించాలంటే విరుగుడు తరంగం రాక సెకనులో 6 వేలో వంతుకు మించి అటూ ఇటూ కాకూడదు. 1000 హెర్ట్జ్ శబ్దమైతే ఆ గడువు సెకనులో 60 వేలో వంతు. 5000 హెర్ట్జ్ దగ్గర 3 లక్షలో వంతు. పైగా అంత సన్నటి శబ్దపు తరంగం పొడవు గాలిలో ఏడు సెంటీమీటర్లే కాబట్టి, మైకుకూ కర్ణభేరికీ మధ్య ఉన్న కాస్త దూరమే లెక్క తప్పడానికి చాలు. అందుకే ఫ్యాన్ హోరు, ఏసీ రొద, విమానం లోపలి గుంయిమనే మోత, మెట్రో బోగీ కింది దడదడ వంటివి ఎలక్ట్రానిక్స్‌కు లొంగుతాయి. హారన్, పసిపిల్లల ఏడుపు, వంటింట్లో మిక్సీ కీచు అంతగా లొంగవు. వాటిని ఆపాల్సింది చెవిలో బిగిసి కూర్చునే రబ్బరు టిప్ మాత్రమే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ధ్వనిని ధ్వనితోనే అణచవచ్చన్న పద్ధతికి జర్మన్ శాస్త్రవేత్త పాల్ లుయెగ్ 1936లోనే అమెరికా పేటెంట్ పొందాడు, కానీ దాన్ని పనిచేయించగల ఎలక్ట్రానిక్స్ అప్పటికి లేవు. 1978లో యూరప్ నుంచి అమెరికాకు తిరిగి వెళుతున్న బోస్ ఆడియో కంపెనీ వ్యవస్థాపకుడు అమర్ బోస్, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌లో పాట కన్నా ఇంజిన్ మోతే ఎక్కువగా వినిపించడంతో అక్కడే కాగితం తీసి లెక్కలు వేశారు. ఆయన కంపెనీ పైలట్ల కోసం తయారుచేసిన హెడ్‌సెట్ 1989లో మార్కెట్లోకి వచ్చింది. గంటల తరబడి మారకుండా సాగే విమానం మోత కోసం పుట్టిన విద్య ఇది. క్షణానికో తీరుగా మారే అమీర్‌పేట చౌరస్తా రొద మీద అది అదే పనితనం చూపుతుందని ఆశించడం న్యాయం కాదు.

ఇక పెట్టె మీది అంకెల సంగతి. మూడు, నాలుగు వేల రూపాయల ధరలో ‘50 డెసిబెల్స్ వరకు’ అని రాసి ఉన్న జతలు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. ఆ వాక్యంలో అసలు అర్థం ‘వరకు’ అన్న మాటలో ఉంది. ప్రయోగశాలలో, బొమ్మ చెవికి చక్కగా బిగించి, ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠ ఫలితం అది కావచ్చు. దానికి అటూ ఇటూ ఉన్న ఫ్రీక్వెన్సీల దగ్గర ఎంత తగ్గిందో పెట్టె చెప్పదు. ఖరీదైన ఎయిర్‌పాడ్స్ ప్రో 2 విడుదల చేసినప్పుడు ఆపిల్ ‘ముందు తరం కంటే రెండు రెట్ల వరకు’ అన్న మాటతోనే సరిపెట్టింది. కాబట్టి 50 అని రాసినది, ఏ అంకే రాయనిదాని కంటే మేలని అనుకోవడానికి ఆధారం లేదు. అంతకన్నా పెద్ద తికమక మరొకటుంది. పెట్టె మీద ఏఎన్‌సీ అని ఉంటే మన చెవికి చేరే రొదను తగ్గించేదని అర్థం. ఈఎన్‌సీ అని ఉంటే, ఫోన్ మాట్లాడేటప్పుడు మన చుట్టూ ఉన్న చప్పుడు అవతలివారికి వెళ్లకుండా చూసేదని అర్థం. వెయ్యి, పదిహేను వందల జతల్లో చాలావాటికి ఉండేది రెండోది మాత్రమే. అక్షరం తేడా గమనించక, మొదటిదే అనుకొని కొనేవారిని నేను స్వయంగా చూశాను.

ధర కన్నా, చిప్ కన్నా ఎక్కువ తేడా తెచ్చేది టిప్. ఇది ఎంత చెప్పినా తక్కువే. నా కుడి చెవి రంధ్రం ఎడమదాని కంటే కాస్త చిన్నదని నాకు చాలాకాలం తెలియదు. రెండు వైపులా కంపెనీ తగిలించి పంపిన మీడియం టిప్‌తోనే నెలల తరబడి విని, కుడివైపు బేస్ పలచగా ఉందని, ఇంజిన్ మోత అటునుంచే వస్తోందని, పరికరంలో లోపముందని అనుకున్నాను. ఒకరోజు కుడివైపు చిన్న టిప్ వేసి, చెవిని పైకి లాగి, బడ్‌ను కొద్దిగా తిప్పుతూ లోపలికి నెట్టేసరికి మృదంగంలో లోతుగా మోగే తొప్పి నాదం ఒక్కసారిగా నిండుగా వినిపించింది. అంతకు ముందు టిప్‌కూ చర్మానికీ మధ్య మిగిలిన సందులోంచి బేస్ బయటికి, హోరు లోపలికి పోతూ వచ్చాయన్నమాట. వెంట్రుక మందం సందు చాలు, పాతిక వేల జత మూడు వేల జతలా పనిచేయడానికి. పెద్ద కంపెనీల యాప్‌లలో టిప్ సరిగ్గా బిగిసిందో లేదో చెప్పే పరీక్ష ఉంటుంది. దాన్ని ఒక్కసారైనా, రెండు చెవులకూ విడివిడిగా చేయాలి. అది లేని జతకు ఒక సులువైన పద్ధతి చెబుతాను. బడ్స్ పెట్టుకొని, పాట వేయకుండా, మామూలుగా మాట్లాడి చూడండి. మీ గొంతు తల లోపలినుంచి మోగినట్టు గుమ్ముగా వినిపిస్తే టిప్ బిగిసినట్టే.

ఈ దృష్టితో పైస్థాయి జతలను చూస్తే, వాటి మధ్య తేడాలు ప్రకటనల్లో కనిపించేంత పెద్దవి కావని నా అభిప్రాయం. 2023లో వచ్చిన సోనీ డబ్ల్యూఎఫ్-1000ఎక్స్ఎం5కు మెత్తని ఫోమ్ టిప్స్ ఇస్తారు. అవి చెవి ఆకారానికి ఒదిగి సన్నటి శబ్దాలను బాగా ఆపుతాయి గానీ, చెమటకు, నూనెకు సిలికాన్ టిప్స్ కన్నా త్వరగా పాడవుతాయి కాబట్టి వాటిని మార్చుకునే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. నాయిస్ క్యాన్సలింగ్ వేసి ఉంచితే ఎనిమిది గంటలు నడుస్తాయని కంపెనీ చెబుతుంది. అదే ఏడాది వచ్చిన బోస్ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా ఇయర్‌బడ్స్, పెట్టుకున్న ప్రతిసారీ చిన్న స్వరం మోగించి ఆ చెవికి తగ్గట్టు తమను సర్దుకుంటాయి. బస్సు, విమానం వంటి లోతైన హోరును అణచడంలో నా మొదటి ఓటు వీటికే. కానీ వీటి బ్యాటరీ ఆరు గంటలే. ఎయిర్‌పాడ్స్ ప్రో బలం బయటి శబ్దాన్ని లోపలికి రానిచ్చే విధానంలో ఉంది. ఆ స్థితిలో ఎదుటివారి మాట ఇంత సహజంగా వినిపించే జత మరొకటి నాకు తగల్లేదు. అయితే ఐఫోన్ లేనివారికి వాటి సౌకర్యాల్లో సగం అందవు. శాంసంగ్ గెలాక్సీ బడ్స్ 3 ప్రోదీ అదే తీరు, వాటి మేలైన కోడెక్ (ధ్వనిని కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతి) శాంసంగ్ ఫోన్లతోనే పనిచేస్తుంది. మన ఎండాకాలపు చెమటను దృష్టిలో పెట్టుకుంటే శాంసంగ్ జతకు, 2025లో వచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రో 3కు నీరు, దుమ్ము నుంచి ఉన్న ఐపీ57 స్థాయి రక్షణ, సోనీ, బోస్ జతల ఐపీఎక్స్4 కన్నా మెరుగైనది. చేతిలో ఉన్న ఫోన్ ఏదో చూసుకుంటే ఈ నాలుగింటిలో ఒకటో రెండో వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

కోడెక్‌ల చర్చ మీద ఇంతకన్నా ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. సోనీ ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదన్నది నిజమే. కానీ మనలో ఎక్కువమంది పాటలు వినేది యూట్యూబ్‌లో, అక్కడ ధ్వని సాధారణంగా 128 నుంచి 160 కిలోబిట్ల మధ్యే ఉంటుంది. 1950లలో మోనోలో రికార్డయి, అరిగిన గ్రామఫోన్ రికార్డు నుంచి ఎవరో అభిమాని ఎక్కించిన పాటకు 990 కిలోబిట్ల దారి వేసినంత మాత్రాన అందులో లేనిది కొత్తగా వచ్చి చేరదు. పైగా రద్దీ స్టేషన్లలో, వందల బ్లూటూత్ పరికరాల మధ్య, ఎక్కువ కిలోబిట్ల సంకేతమే ముందుగా తెగుతుంది. ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేనే లేదు.

అసలు ఈ పరికరాలకు డబ్బు పెట్టమని నేను చెప్పడానికి కారణం సంగీతపు నాణ్యత ఒక్కటే కాదు. చుట్టూ రొద ఉన్నప్పుడు మనిషి పాటను దాని మీదికి లేపుతాడు. మామూలు ఇయర్‌ఫోన్స్‌తో 218 బస్సులో ప్రసంగమో కచేరీయో వినాలంటే నేను వాల్యూమ్ గీతను మూడొంతులు దాటించేవాణ్ని. టిప్ సరిగ్గా బిగిసిన నాయిస్ క్యాన్సలింగ్ జతతో అదే బస్సులో, అదే సీటులో సగం దగ్గర ఆపినా ప్రతి మాటా తెలుస్తోంది. ఇది చిన్న తేడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్‌కు చేరితే వారానికి నాలుగు గంటలే సురక్షితం. రోజూ గంటన్నర వెళ్లి గంటన్నర తిరిగి వచ్చే ఉద్యోగికి వారానికి 15 గంటలు చెవుల్లో బడ్స్ ఉంటాయి. 90 దగ్గర వింటే అతని వారం కోటా మంగళవారం ఉదయం ప్రయాణంలోనే అయిపోతుంది. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. కాబట్టి జతలను పోల్చేటప్పుడు నేను చూసే మొదటి కొలత ఒక్కటే, నా రోజువారీ ప్రయాణంలో ఎంత తక్కువ వాల్యూమ్‌తో మాట స్పష్టంగా వినిపిస్తోందన్నది. ఆ పరీక్షలో నాలుగైదు వేల రూపాయల మంచి జత, పాతిక వేల జతకు చాలా దగ్గరగా వస్తోంది. ఏటా పదిసార్లు విమానం ఎక్కేవారిని మినహాయిస్తే, మిగిలిన వారికి ఆ పై ఇరవై వేలు అవసరమని నేననుకోను. మరో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఈ పరికరం బస్సులో కూర్చున్నవారికి పనికొచ్చేది. బండి నడిపేవారు, రోడ్డు దాటేవారు, పట్టాల పక్కన నడిచేవారు దాన్ని చెవుల్లోంచి తీసేయాలి.

పోలికల పట్టికల్లో దాదాపు ఎప్పుడూ కనిపించని గడి ఒకటుంది, అది ఆయుష్షు. గోరంత బ్యాటరీని రోజూ ఛార్జ్ చేసి వాడితే రెండు, మూడేళ్లలో దాని సత్తువ తగ్గడం సహజం. నా పాత జతలో ఎడమ బడ్ రెండేళ్లు దాటాక గంటన్నరకే ఆగిపోవడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, బడ్‌ను తెరవడం కుదరదని, కొత్తది ఒక్కటే ఇస్తామని, దాని ధర ఇదని ఒక కాగితం మీద రాసి చూపించారు. ఆ ధరకు ఇంకొంచెం కలిపితే కొత్త జతే వస్తుంది. స్పీకర్ బాగుంది, మైకులు బాగున్నాయి, కేస్ బాగుంది, పోయింది బటన్ అంత సెల్ ఒక్కటే. ఇది మారదని ఎవరైనా అంటే, 2024లో ఫెయిర్‌ఫోన్ అనే కంపెనీ విడుదల చేసిన ఫెయిర్‌బడ్స్‌లో బ్యాటరీని ఇంట్లోనే మార్చుకోవచ్చన్న సంగతి గుర్తుచేయాలి. వాటికి నాయిస్ క్యాన్సలింగ్ కూడా ఉంది. పరికరాల్లోని బ్యాటరీలను వినియోగదారుడే తీసి మార్చుకునేలా ఉండాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధన 2027 ఫిబ్రవరి నుంచి అమల్లోకి రానుంది. మన దేశంలోనూ మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లోనే పోర్టల్ తెరిచింది. ఆ హక్కు ఇయర్‌బడ్స్ బ్యాటరీ దాకా నిజంగా రావాలి. డెసిబెల్స్ అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, బ్యాటరీ మార్చడానికి ఎంత అవుతుందో, ఎన్నేళ్ల పాటు మారుస్తారో కూడా పెట్టె మీద అచ్చువేయించాలి.