దుమ్ముకూ ఒక లెక్కుంది

తుప్పు చార ఎప్పుడూ పైనుంచి కిందికే కారాలి. ఇత్తడి గుండీకి పచ్చటి చిలుము పట్టొచ్చు గానీ ఎర్రటి తుప్పు పట్టకూడదు. అల్యూమినియం నీళ్ల సీసాకు తుప్పు పూసినవాడితో మాట కలపకూడదు. రెజిన్ అనే ప్లాస్టిక్‌తో అచ్చుపోసిన బుల్లి సైనికుల బొమ్మలకు రంగులేసే మాలాంటివాళ్లు పాటించే చట్టాల్లో ఇవి మొదటి మూడు. మామూలు జనం మురికిని ఎలా పడితే అలా పట్టనిస్తారు, అందుకే వాళ్ల మురికికి ఒక అర్థం పర్థం ఉండదు. మా దగ్గర ప్రతి మరకకూ ఒక కారణం, ఒక చరిత్ర, వీలైతే ఒక సాక్షి కూడా ఉండి తీరాలి.

మురికి పట్టించాలంటే ముందు బొమ్మను శుభ్రంగా కడగాలి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన మందు బొమ్మ మీద జిడ్డులా మిగిలిపోతుంది. సబ్బునీళ్లు, పాత టూత్ బ్రష్ పెట్టి దాన్ని వదిలించకపోతే రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత పొలుసులుగా లేచిపోతుంది. ఆ తర్వాత అచ్చు సగాలు కలిసిన చోట మిగిలిన సన్నటి గీతను చాకుతో గీకాలి. ఆ గీత ఒళ్లంతా వదిలేసి సరిగ్గా ముక్కు మీదుగానే పోతుంది. (అరగదీసేటప్పుడు నీళ్లతో తడుపుకోండి, మాస్కు పెట్టుకోండి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఈ వ్యాసంలో వెటకారం లేని వాక్యాలు ఈ రెండే.)

ఇక కళ్లు. 1/35 స్కేలులో, అంటే అసలు కొలతలో ముప్ఫై అయిదో వంతులో, ఆరడుగుల సైనికుడు 5 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటాడు. అతని నల్లగుడ్డు మిల్లీమీటరులో మూడో వంతు. అంత చుక్క పెట్టడానికి సైబీరియా వీజిల్ తోక వెంట్రుకలతో కట్టిన కొలిన్‌స్కీ బ్రష్ కావాలి, కళ్లకు భూతద్దం కావాలి, ఊపిరి బిగబట్టాలి. ఇంతా చేస్తే అతగాడు శత్రువును వదిలేసి తన ముక్కు కొసనే చూసుకుంటూ ఉంటాడు. ఆ కన్ను సరిచేస్తే రెండోది గోడకేసి చూస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు హెల్మెట్ కనుబొమల మీదికి దించుకున్న బొమ్మల్నే ఏరికోరి కొంటారు. అడిగితే అభిరుచి అంటారు.

అసలు పాండిత్యమంతా వెదరింగ్‌లో, అంటే కొత్త బొమ్మను వాడి పాతబడ్డట్టు చేయడంలో ఉంది. డ్రైబ్రషింగ్ అని ఒకటుంది. బ్రష్‌ను రంగులో ముంచి, ఆ రంగంతా టిష్యూకు తుడిచేసి, ఇక ఏమీ మిగల్లేదనిపించాక బొమ్మ మీద రాస్తాం. ఎత్తుగా ఉన్న అంచులకు మాత్రం రంగు లీలగా అంటుతుంది. లోకంలో అన్నిటికంటే అందంగా రంగు వేయించుకునేది టిష్యూ కాగితాలే. రంగు పెచ్చులూడినట్టు కనపడాలంటే ముందు తుప్పు రంగు వేసి, దాని మీద హెయిర్ స్ప్రే కొట్టి, పైన అసలు రంగు వేస్తాం. ఆరాక తడి బ్రష్‌తో రుద్దితే మధ్యలోని హెయిర్ స్ప్రే పొర కరిగి పై రంగు ముక్కలుగా లేచొస్తుంది. నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగలని పెద్దమనిషి హెయిర్ స్ప్రే డబ్బాలు ఏరుతూ కనిపిస్తే జాలిపడకండి. ఆయన కళాసాధనలో ఉన్నారు.

పెచ్చుకూ కొలత ఉంది. హెల్మెట్ మీద మిల్లీమీటరు వెడల్పున గీత పడిందంటే అసలు మనిషికి అది మూడున్నర సెంటీమీటర్ల గాడి. చేయి ఇంకాస్త జారితే మీద పడింది శత్రువా, ఎలుగుబంటా అని చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. మట్టిదీ అదే తంతు. మోకాళ్లకు మట్టి ఉందంటే ఎక్కడో మోకరిల్లి ఉండాలి. వీపుకు ఉందంటే వెల్లకిలా పడి ఉండాలి. మరి పడ్డవాడి ముఖంలో అంత ధీమా ఎక్కడిది? ఆరిన మట్టి లేతగా ఉండాలి, తడిది ముదురుగా మెరవాలి. పీఠం మీది మట్టిది ఒక రంగు, బూట్లదింకో రంగు అయితే మన సైనికుడు యుద్ధానికి సొంత మట్టి తెచ్చుకున్నాడన్నమాట. ఇంత దర్యాప్తు చేసే మనిషిని తన చొక్కా మోచేతికి ఆ రంగు ఎలా అంటిందని అడిగి చూడండి, తెలీదంటాడు.

రంగు ముఖం చూడని బొమ్మల పెట్టెలు మంచం కింద ఎన్నున్నాయన్నది ఇక్కడ అప్రస్తుతం. వాటికి వెదరింగ్ దానంతటదే జరుగుతోంది.

అన్నీ అయ్యాక మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టి, బొమ్మను అద్దాల అరలో పెట్టి, దుమ్ము చొరబడకుండా తలుపు బిగిస్తాం. దీన్ని విడ్డూరం అనేవాళ్లకు స్కేలు తెలియదు. గాల్లో తిరిగే దుమ్ము 1/1 స్కేలుది. ఒక నూలు పోగు వచ్చి భుజం మీద వాలిందా, అతనికి అది మోకు. అందుచేత అర దులపబోయే ఇంటివారికి మనవి: ఎడమ బూటు మీదిది, కోటు అంచుది, హెల్మెట్ వెనకవైపుది మేం పట్టించిన దుమ్ము, ముట్టుకోకండి. కుడి భుజం మీదిది మాత్రం మాది కాదు, ఊదితే పోతుంది. కాస్త మెల్లగా ఊదండి, తుపాకి ఇంకా సరిగ్గా అతుక్కోలేదు.