‘ఊహే కదా, ఎవరికేం నష్టం?’ అన్న సందేశానికి జవాబు

కొంతకాలంగా ఒకే సందేశం వేర్వేరు మిత్రుల చేతుల మీదుగా నా ఫోనుకు చేరుతోంది. సర్జన్ అనగానే పురుషుడు, నర్సు అనగానే స్త్రీ కళ్లముందు మెదలడం పక్షపాతం కాదని, అది కేవలం లెక్కల జ్ఞానమని, ‘అచేతన పక్షపాతం’, అంటే మనకే తెలియకుండా మనలో పనిచేసే మొగ్గు, అనేది కొందరు బతుకుతెరువు కోసం పుట్టించిన మాట అని దాని సారాంశం. అందుకు మద్దతుగా అంకెలు వేసి మరీ ఆరు వాదనలు పేర్చారు. పంపినవారెవరూ దాన్ని చివరిదాకా చదివినట్టు లేరు. చదివి ఉంటే, వృత్తుల విభజన ప్రకృతి నిర్ణయమని చెప్పే మూడో వాదనకూ, స్త్రీలు ఇప్పుడు అన్ని వృత్తుల్లోనూ సమానంగా ఉన్నారు కనుక సమస్యే లేదని చెప్పే నాలుగో వాదనకూ పొసగదని వారికే తోచేది.

సర్జన్లలో పురుషులే ఎక్కువ కనుక పురుషుణ్ణి ఊహించుకోవడం తార్కికమన్నది మొదటి వాదన. మరే సమాచారమూ లేనప్పుడు ఈ మాటలో కొంత న్యాయం ఉంది. చిక్కల్లా సమాచారం చేతికి అందాక కూడా ఊహ కదలకపోవడంలోనే ఉంది. తండ్రీకొడుకులు కారు ప్రమాదానికి గురవుతారు, తండ్రి అక్కడికక్కడే మరణిస్తాడు, ఆసుపత్రిలో ఆ కుర్రవాణ్ణి చూసిన సర్జన్ ‘వీడు నా కొడుకు, నేను ఆపరేషన్ చేయలేను’ అంటారు. ఆ సర్జన్ ఎవరు? ఈ పాత చిక్కుప్రశ్నను బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 197 మంది విద్యార్థులకూ, 103 మంది పిల్లలకూ వేస్తే, ‘తల్లి’ అని చెప్పినవారు విద్యార్థుల్లో 14 శాతం, పిల్లల్లో 15 శాతం. కుర్రవాడికి ఇద్దరు తండ్రులున్నారేమో అన్నవారిని తప్పుపట్టలేము, అదీ సరిపోయే జవాబే. కానీ సర్జన్ రోబో కావచ్చని, దయ్యం కావచ్చని, తండ్రి ఊరికే పడుకుని ఉంటే చనిపోయాడని అధికారులు పొరబడి ఉంటారని చెప్పినవారు కూడా వారిలో ఉన్నారు. ఇదంతా లెక్కల జ్ఞానమే అయితే, శస్త్రచికిత్స విభాగాల్లో దయ్యాల నిష్పత్తి ఎంతో సందేశకర్త చెబితే తెలుసుకుంటాను.

స్త్రీలు కూడా అలాగే ఊహిస్తారు కనుక అది పక్షపాతం కాదన్నది రెండోది. దీనికి పెద్ద జవాబు అక్కరలేదు, ‘అచేతన’ అన్న విశేషణం వచ్చిందే అందుకు. ‘చాలా చాలా తెలివైన’ ఒక వ్యక్తి కథ చెప్పి, ఆ వ్యక్తి ఎవరై ఉంటారో కొన్ని ఫొటోలలోంచి ఎంచుకోమని చిన్నపిల్లలను అడిగిన అధ్యయనం ఒకటి 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఐదేళ్ల ఆడపిల్లలు మగపిల్లలకు ఏమాత్రం తీసిపోకుండా తమవారినే ఎంచుకున్నారు. ఆరేడేళ్లు వచ్చేసరికి వెనక్కి తగ్గారు. ఈ ఊహ పుట్టుకతో వచ్చినదైతే ఆ ఒక్క ఏడాది ఆగి మరీ ఎందుకు వచ్చినట్టు?

మూడోదాని ప్రకారం యంత్రాలు, గణితం, ప్రోగ్రామింగ్ పురుషుడి మెదడుకు సహజంగా అబ్బుతాయి, సేవ స్త్రీకి అబ్బుతుంది. తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటిగా 1946లో లోకానికి చూపిన ఎనియాక్‌కు ప్రోగ్రాములు సిద్ధం చేసిన ఆరుగురూ స్త్రీలే. యంత్రం కట్టడం ఘనకార్యమనీ, దానిచేత లెక్కలు చేయించడం గుమాస్తా పని అనీ అప్పట్లో అనుకున్నారు కాబట్టే ఆ పని వారికి దక్కింది. అమెరికాలో కంప్యూటర్ సైన్సు పట్టభద్రుల్లో స్త్రీల వాటా 1984 ప్రాంతంలో సుమారు 37 శాతానికి చేరి, తరువాతి పాతికేళ్లలో అందులో సగానికి పడిపోయింది. అదే కాలంలో మలేషియాలో ఆ చదువు చదివేవారిలో దాదాపు సగం మంది అమ్మాయిలు. 1970 నాటి సోవియట్ యూనియన్‌లో వైద్యుల్లో సుమారు 70 శాతం స్త్రీలు, అయితే అక్కడ ఆ వృత్తికి జీతమూ హోదా తక్కువేనన్నది కూడా చెప్పుకోవాలి. పాతికేళ్లలో ఒక దేశపు స్త్రీల మెదళ్లు సగానికి కుంచించుకుపోయి, సముద్రాల అవతల ఇంకో దేశపు స్త్రీల మెదళ్లు చెక్కుచెదరకుండా నిలిచాయని నమ్మగలిగినవారికి ఈ వాదన నిక్షేపంగా పనికొస్తుంది.

స్త్రీలు అన్ని వృత్తుల్లోనూ సమానంగా ఉన్నారన్న నాలుగోదాన్ని రెండు మాటల్లో తేల్చవచ్చు. నిజంగా సమానమైతే పిల్లల ఊహలోనూ అది కనిపించాలి. శాస్త్రవేత్త బొమ్మ గీయమంటే 1966–77 మధ్య 4,807 మంది పిల్లల్లో 28 మంది మాత్రమే స్త్రీని గీశారు, ఆ 28 మందీ ఆడపిల్లలే. 1985–2016 మధ్య జరిగిన అధ్యయనాల్లో అమెరికా పిల్లల సగటు సుమారు 28 శాతానికి పెరిగింది. మార్పు నిజమే, సంతోషించదగిందే, కానీ నూటికి 28ని ‘సమానం’ అనే అంకగణితం నాకు రాదు.

ఐదో వాదన ఒక్కటీ లేకపోతే ఈ జవాబు రాసే పనే పడేది కాదు. ‘ఎవరి మనసులో ఏ బొమ్మ ఉంటే ఎవరికేం నష్టం? నియామకాలు యోగ్యత చూసి జరుగుతాయి, రోగులు ఫలితం చూసి వస్తారు’ అని రాశారు.

ఫలితం చూసి వస్తారట. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ రికార్డులు తీసి, ఆర్థికవేత్త హెదర్ సార్సన్స్ సరిగ్గా ఈ సంగతినే పరిశీలించారు. ఒక సర్జన్ చేతిలో రోగి మరణిస్తే, అంతవరకూ ఆ సర్జన్ వద్దకు రోగులను పంపుతూ వచ్చిన వైద్యులు ఆ తరువాత ఏం చేశారు? సర్జన్ పురుషుడైనప్పుడు పెద్దగా ఏమీ మారలేదు, స్త్రీ అయినప్పుడు పంపే రోగుల సంఖ్య బాగా తగ్గిపోయింది. శస్త్రచికిత్స అనుకున్నదానికన్నా బాగా జరిగిన సందర్భాల్లో మాత్రం పురుషుడికి పెరిగినంతగా స్త్రీకి పెరగలేదు. ఇంతటితో ఆగితే ఒకరి వ్యక్తిగత నష్టంగా సరిపెట్టుకోవచ్చు, కానీ ఒక మహిళా సర్జన్ విషయంలో చేదు అనుభవం ఎదురైన వైద్యులు అదే విభాగంలోని ఇతర మహిళా సర్జన్ల వద్దకు రోగులను పంపడానికి కూడా వెనకాడారు. పురుష సర్జన్ల విషయంలో ఒకరి తప్పు మరొకరికి అంటుకోలేదు. పురుషుడి చేతిలో రోగి పోతే అది ఆ రోగి దురదృష్టం. స్త్రీ చేతిలో పోతే ఆమె అసమర్థత, ఆపైన స్త్రీలందరి అసమర్థత. మనసులోని బొమ్మకు సరిపోయే మనిషి తప్పు చేస్తే ఆ తప్పుకు కారణం బయట వెతుకుతాము, సరిపోని మనిషి తప్పు చేస్తే ముందునుంచీ ఉన్న సందేహానికి అదే సాక్ష్యమవుతుంది. కాబట్టి అందరూ ఫలితమే చూస్తారు, ఒప్పుకుంటాను. ఒకే ఫలితాన్ని రెండు రకాలుగా చదువుతారు, అంతే.

యోగ్యత సంగతి కూడా చూద్దాం. 2012లో వెలువడిన ఒక ప్రయోగంలో, లేబొరేటరీ మేనేజర్ ఉద్యోగానికి వచ్చిన ఒకే దరఖాస్తును 127 మంది విజ్ఞానశాస్త్ర అధ్యాపకులకు ఇచ్చారు, కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెన్నిఫర్ పేరుతో. జాన్‌కు వారు సగటున సూచించిన ఏడాది జీతం 30,238 డాలర్లు, జెన్నిఫర్‌కు 26,508 డాలర్లు. ఇందులో పురుష అధ్యాపకులకూ స్త్రీ అధ్యాపకులకూ తేడా లేదు. యోగ్యతను అందరూ చూశారు, కాకపోతే అక్షరం తేడా లేని యోగ్యతకు రెండు ధరలు కట్టారు.

ఇక్కడ సందేశకర్తకు నేనే ఒక ఆయుధం అందించాలి, ఎందుకంటే ఆయన దాన్ని వెతుక్కునే శ్రమ తీసుకోలేదు. 2015లో వచ్చిన మరో ప్రయోగంలో, అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి సమాన అర్హతలున్న అభ్యర్థుల్లో అధ్యాపకులు స్త్రీల వైపే రెండింతలు మొగ్గు చూపారు. దీన్ని దాచిపెట్టి వాదించడం మర్యాద కాదు. అయితే ఆ అభ్యర్థులను నిస్సందేహంగా ఉత్తములుగా వర్ణించారు, జాన్–జెన్నిఫర్ దరఖాస్తును మాత్రం అటూ ఇటూ కాకుండా కావాలనే సందిగ్ధంగా రాశారు. ఈ రెండు ఫలితాలూ ఎందుకు వేరయ్యాయన్నదానికి నాకు సబబుగా తోచే వివరణ ఇదే: సందేహానికి చోటున్నంత మేరకే ఊహ చొరబడుతుంది. అన్ని ఉద్యోగాలకూ అద్భుతమైన అభ్యర్థులే దరఖాస్తు చేసే లోకంలో మాత్రం సందేశకర్త మాట నిజమవుతుంది.

చివరిదైన ఆరో వాదన, అచేతన పక్షపాతాన్ని కొలిచే పరీక్షలూ, వదిలించే శిక్షణలూ వ్యాపారమేనన్నది. దీనితో చాలావరకు ఏకీభవిస్తున్నాను. 1998 నుంచి ప్రచారంలో ఉన్న ‘ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్టు’ను అదే మనిషి మళ్లీ రాస్తే వేరే మార్కు రావడం మామూలే, ఆ మార్కును బట్టి అతని ప్రవర్తనను చెప్పగలిగేదీ స్వల్పమే. దాన్ని చూపి ఉద్యోగులను పక్షపాతులని ముద్రవేయడం, ఒక పూట ఉపన్యాసంతో ఆ ముద్ర తుడిచేశామనడం రెండూ హాస్యాస్పదం. కానీ థర్మామీటరు నాసిరకమైతే జ్వరం లేనట్టు కాదు. పైగా పనిచేసే ఉపాయం వేరే ఉంది. 2005లో ఉల్‌మన్, కోహెన్ చేసిన ప్రయోగంలో పోలీసు అధిపతి పదవికి ఇద్దరు అభ్యర్థులు, ఒకరికి వీధి అనుభవం, మరొకరికి చదువు. ఎంపిక చేసేవారు పురుషుడికి ఏది ఉంటే అదే ఆ పదవికి ముఖ్యమని తేల్చారు, మేము నిష్పాక్షికంగానే నిర్ణయించామని నమ్మారు కూడా. స్త్రీల అధ్యయనాల ఆచార్య పదవి దగ్గరకు వచ్చేసరికి మొగ్గు స్త్రీ వైపు తిరిగింది, కాబట్టి ఇది పురుషుల మీద నేరారోపణ కాదు. అభ్యర్థి స్త్రీయో పురుషుడో తెలియకముందే ఏ అర్హత ముఖ్యమో తేల్చుకునేలా చేసినప్పుడు ఆ వివక్ష కనిపించకుండా పోయింది. దానికి ఏ శిక్షణ తరగతీ అవసరం రాలేదు.