పేరు వారిది, పని మనది

ఇల్లు గీయడానికి ఆర్కిటెక్టే కానక్కర్లేదన్న సంగతి మా తాపీ మేస్త్రీకి, మా బావమరిదికి, వీధి చివర టైల్స్ కొట్టు యజమానికి ఎప్పటినుంచో తెలుసు. సుప్రీంకోర్టు మాత్రం 2020 మార్చి దాకా ఆగి చెప్పింది. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టంలోని 37వ సెక్షన్‌ను ముందు పెట్టుకుని న్యాయమూర్తులు తేల్చిందేమిటంటే, ఆ చట్టం కాపాడేది ‘ఆర్కిటెక్టు’ అన్న పేరునే గాని ఆ పనిని కాదు. నమోదు లేని మనిషి ఆ మాటను బోర్డు మీద రాసుకోకూడదు. భవనం మాత్రం గీసి ఇవ్వవచ్చు. బోర్డు మీద రాసుకుని మొదటిసారి దొరికితే జరిమానా అయిదు వందల రూపాయల దాకా. 1972లో అది గట్టి దెబ్బే అయి ఉంటుంది. ఇవాళ ఒక బస్తా సిమెంటుకూ, దాన్ని మోసిన మనిషి టీకీ సరిపోతుంది.

డాక్టరు కానివాడు పొట్ట కోస్తే నేరం, లాయరు కానివాడు కోర్టులో వాదించబోతే నేరం. నాలుగు తరాలు కాపురం ఉండే కొంప గీయడం వీటికంటే తేలికైన పని అని చట్టమే ఒప్పుకున్నాక నాబోటి సామాన్యుడికి ఎంత ధైర్యం! ఆ తీర్పును ఫ్రేము కట్టించి మా హాల్లో తగిలించాలనుకున్నాను. హాల్లో వెలుతురు చాలక మానుకున్నాను. ఎందుకు చాలదో తర్వాత చెబుతాను.

చట్టం అంత శ్రద్ధగా కాపాడుతున్న ఆ పేరైనా వారికి మిగిలిందా అంటే, ఇంగ్లీషులో మిగిలింది. తెలుగులో మనం పంచేసుకున్నాం. వాస్తుశిల్పి అని మనకు చక్కటి మాట ఒకటి ఉంది. అందులో ముందు సగం సిద్ధాంతిగారు పట్టుకెళ్లారు. వెనక సగం నాయకులు తీసుకున్నారు. నవ్యాంధ్ర శిల్పి, ఫలానా నగర రూపశిల్పి, మా వార్డు అభివృద్ధి శిల్పి. (మా శిల్పిగారి ఫ్లెక్సీని వీధిదీపం స్తంభానికి కట్టారు. ఆ దీపం వెలగదు.) ఐదేళ్లు చదివి పట్టా పుచ్చుకున్న మనిషికి చివరికి దక్కింది ‘ఇంజనీరుగారూ’ అన్న పిలుపు. అది కూడా వేరేవాళ్లదే.

ఇక నా అనుభవానికి వస్తాను. కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊళ్లో, పడమర ముఖంగా ఉన్న 200 గజాల స్థలంలో ఇల్లు కట్టాను. మొదటి ప్లాను నేనే వేశాను, ఒక పెళ్లి శుభలేఖ వెనక. దాన్ని మా బావమరిది సవరించాడు. వాడు పదేళ్ల కిందట తన ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి అనుభవజ్ఞుడు. ఆ ఇంట్లో వాన పడితే ఎక్కడెక్కడ బకెట్లు పెట్టాలో కూడా వాడికి కంఠస్థం. మేస్త్రీ వచ్చి మా ఇద్దరి గీతలూ చూసి, తల ఊపి, ఇసుకలో పుల్లతో మరొకటి గీశాడు. ఆ పుల్లగీత మీదే మర్నాడు ముగ్గు పోశారు.

మున్సిపాలిటీకి పెట్టడానికి వేరే ప్లాను కావాలి. అది జిరాక్సు కొట్టు వెనక గదిలో దొరుకుతుంది. అందులో ఇంటి చుట్టూ వదలవలసినంత స్థలం వదిలి ఉంటుంది, ఇంకుడు గుంత ఉంటుంది, మూలన గుండ్రంగా ఒక చెట్టు కూడా ఉంటుంది. ఆ ఇల్లు నాకు ఎంతో నచ్చింది. అందులో ఉండాలని నిజంగా అనిపించింది. కాని అది ఫైల్లో ఉండవలసిన ఇల్లు, మేముండవలసినది కాదు. రెండింటికీ ఉన్న తేడా గురించి బెంగ పెట్టుకోవద్దని అందరూ ధైర్యం చెప్పారు. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ అని, ప్లానుకు విరుద్ధంగా కట్టినవాటిని క్రమబద్ధీకరించే పథకం ఒకటి వచ్చింది. 2015లో మళ్లీ వచ్చింది, ఆ తర్వాతా వచ్చింది. కృష్ణకు పుష్కరాలు పన్నెండేళ్లకు గాని రావు, దీనికి అంత ఎడం కూడా ఉండదు. పుష్కరాల్లో మునిగితే పాపాలు పోతాయి, ఇందులో మునిగితే బాల్కనీలు నిలుస్తాయి.

గోడలు లేచాక సిద్ధాంతిగారు వచ్చారు. గోడలు లేవకముందు వస్తే కూలగొట్టించడానికి ఏమీ ఉండదు కదా. ఆయన కిటికీలు లెక్కపెట్టారు. పది. సరిసంఖ్యే గాని చివర సున్నా ఉంది, సున్నా కూడదు. ఒక కిటికీ మూయించారు. తొమ్మిది అయ్యాయి. బేసి అసలే కూడదు. ఇంకొకటి మూయించారు. ఎనిమిది. శాస్త్రం శాంతించింది. మూసిన రెండూ హాల్లోవే, ఎందుకంటే పడకగదుల కిటికీలకు అప్పటికే గ్రిల్లులు బిగించేశారు. అప్పటినుంచి మా హాల్లో పగలు పన్నెండు గంటలకు ట్యూబ్‌లైటు వెలుగుతుంది. వచ్చినవాళ్లు దీపాలవేళ అయిందనుకుని లేవబోతారు. చుట్టాలు ఎక్కువసేపు కూర్చోని ఇల్లు ఇవాళ్టి రోజుల్లో ఎందరికి దొరుకుతుంది?

మెట్ల కింద ఖాళీ వృథా కాకూడదని అక్కడ బాత్‌రూము కట్టించాం. నిటారుగా లోపలికి వెళ్లినవాడు సగానికి వంగి బయటికి వస్తాడు. ఎదురుగా కుర్చీలో నేను ఉంటాను. మా జిల్లాలో నాకు జరిగినన్ని నమస్కారాలు మరెవరికీ జరిగి ఉండవు.

ఎలివేషన్ సంగతి మా బావమరిది చూసుకున్నాడు. హైదరాబాదులో పెద్ద కంపెనీలన్నీ అద్దాలతోనే కడుతున్నారని, పడమటి ముఖం మొత్తం అద్దం పెట్టించాడు. మే నెలలో మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మేం ఆ ముందుగదిలోకి వెళ్లం. వడియాలు వెళతాయి. డాబా ఎక్కనక్కర్లేకుండా ఇంట్లోనే ఎండుతున్నాయని మా ఆవిడ మొదట్లో సంతోషించింది కూడా. ఆ తర్వాత కరెంటు బిల్లు వచ్చింది.

ఇప్పుడు డబ్బు మాట. మా సింహద్వారానికి, అంటే టేకు చెక్క, దాని మీద లక్ష్మీదేవి, అటొక ఏనుగు ఇటొక ఏనుగు, అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు పోశాను. ఒక్క మాట బేరమాడలేదు. అది కంటికి కనబడుతుంది, వచ్చినవాడు చేత్తో తడిమి చూస్తాడు. అదే డబ్బు ఆర్కిటెక్టుకు ఇస్తే ఏం తడమాలి? ఇంట్లోకి వచ్చే గాలినా? ‘ఇదిగో అన్నయ్యా, ఈ గాలి, దక్షిణం నుంచి లక్షా ఎనభై వేలు పెట్టి తెప్పించాం’ అంటే నవ్వరా? పైగా ఆర్కిటెక్టు సరిగ్గా పని చేస్తే జరగవలసినవి జరగవు. నీళ్లు కారవు, తల తగలదు, తలుపు వెళ్లి ఫ్రిజ్‌ను కొట్టదు. జరగని వాటికి రసీదు ఏమని రాయించుకోవాలి? ఈ ప్రశ్నకు ఆ వృత్తిలో ఉన్నవారెవరూ నాకు ఇప్పటివరకు సమాధానం చెప్పలేదు. నేను అడగలేదనుకోండి, అది వేరే విషయం.

ప్రజల దారి ఇలా ఉంటే ప్రభుత్వాలు వెనకబడతాయా? అమరావతిలో శాసనసభ, హైకోర్టు భవనాలకు జరిగిన పోటీలో చివరిదాకా నిలిచినవి ముగ్గురు పేరున్న ఆర్కిటెక్టుల సంస్థలు: ఫుమిహికో మాకి, రిచర్డ్ రోజర్స్, మన బాలకృష్ణ దోషి. 2016లో మాకి సంస్థ గెలిచింది. బొమ్మలు పత్రికల్లో వచ్చేసరికి, శాసనసభ కడుతున్నారా కర్మాగారం కడుతున్నారా అని జనం పెదవి విరిచారు. మాకి వెళ్లిపోయారు, నార్మన్ ఫాస్టర్ సంస్థ వచ్చింది. మాకి, రోజర్స్, ఫాస్టర్ ముగ్గురూ అప్పటికే ఆర్కిటెక్టుల నోబెల్ అనదగ్గ ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నవారు. దోషికి 2018లో వచ్చింది, భారతీయుల్లో మొట్టమొదటగా. ఇలా నాలుగు ప్రిట్జ్‌కర్ల గుమ్మాలు తొక్కినా ఏదో వెలితి కనబడి, 2017లో ప్రభుత్వం సినీ దర్శకుడు రాజమౌళి సలహా కోరింది. తాను డిజైనర్‌ను కానని పాపం ఆయనే బయటికి వచ్చి చెప్పుకోవలసి వచ్చింది. అయినా శాసనసభలో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు పడే ఆలోచన ఒకటి ఇచ్చారు. ఇందులో ప్రభుత్వాన్ని తప్పుపట్టేవారితో నేను ఏకీభవించను. నేను మా బావమరిదిని అడగలేదా? ప్రభుత్వం కాబట్టి దాని పరిచయాలు కాస్త పెద్దవి, అంతే.

హైదరాబాదులో జాతీయ మత్స్య అభివృద్ధి మండలివారు 2012 నుంచి చేప ఆకారంలో ఉన్న భవనంలో పనిచేస్తున్నారు. తోక ఉంది, కన్ను ఉంది. ఏ ఆఫీసు అని దారిన పోయేవారు అడగనక్కర్లేదు. ఈ పద్ధతి అన్ని శాఖలకూ పాకితే బోర్డుల ఖర్చు మిగులుతుంది. పొగాకు బోర్డువారికి మాత్రం కొంత ఇబ్బంది.

ఈ వాదనకు అడ్డం వచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు, ఏడో నిజాం. ఆయన పిసినారితనం గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. అంతటి మనిషి హైకోర్టుకు, ఉస్మానియా ఆస్పత్రికి, కాచిగూడ స్టేషనుకు విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టును పెట్టుకున్నాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టాలనుకున్నప్పుడు ముందు ఇద్దరు మనుషులను విదేశీ విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపి, ఆపైన బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ను రప్పించాడు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ఇవాళ్టికీ అలాగే నిలబడి ఉంది. ఇంత వృథా ఖర్చు ఆయన ఎందుకు చేశాడో చరిత్రకారులు చెప్పాలి. నాకు తోచినంతవరకు, ఆయనకు ఇల్లు కట్టిన అనుభవం ఉన్న బావమరిది లేకపోయి ఉండాలి.

మా కుటుంబంలోనూ ఒక ఆర్కిటెక్టు ఉంది, దాచిపెట్టడం ఎందుకు. మా మేనకోడలు విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఐదేళ్లు చదివింది. మాకు స్లాబు పడకముందు ఒకసారి చూసి పొమ్మన్నాను. ఫీజు గురించి మాట్లాడుకోలేదు. మేనమామ దగ్గర ఫీజేమిటి, వచ్చినప్పుడు కాఫీ ఇచ్చాం. గీస్తుందనుకుంటే ఆ పిల్ల గీయలేదు. ప్రశ్నలు వేసింది.

“మేలో మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ కూర్చుంటారు మామయ్యా?”

“కుర్చీలో.”

“అమ్మమ్మ రాత్రిపూట బాత్‌రూముకు ఎన్ని అడుగులు నడవాలి?”

నా ఇల్లు నేను కట్టుకుంటుంటే మా అమ్మ అడుగులు లెక్కపెట్టుకోవడమేమిటి? అంతటితో ఆగిందా, ఇటుకలను నిలబెట్టి గోడ మధ్యలో ఖాళీ ఉండేలా కట్టవచ్చునని, కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఎందరో సామాన్యులకు అలాగే తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టి ఇచ్చాడని, ఇటుకా మిగులుతుంది, వేడీ తగ్గుతుందని చెప్పింది. గోడలో ఖాళీయా! ఇటుకలకు డబ్బిచ్చి గాలిని కట్టించుకోవడమా! మధ్యలో మండువాలాగా చిన్న జాగా ఆకాశానికి వదలమని కూడా అంది. ఆ జాగా గజం ఎంతకు కొన్నానో ఆకాశానికి తెలుసా? ఏదో కాగితం మీద నాలుగు గీతలు గీసి, బాణం గుర్తులు పెట్టి, ‘గాలి ఇటు, ఎండ అటు’ అని రాసి ఇచ్చింది. నేను దాన్ని మేస్త్రీ చేతిలో పెట్టి అవతల పారెయ్యమన్నాను. అతను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బీడీ పొట్లానికనుకున్నాను.

కిందటి నెల మేస్త్రీ గృహప్రవేశానికి పిలిచాడు. ఊరి చివర 120 గజాలు, నాలాగే పడమర ముఖం. ముందు వరండా, దాని అంచున ఇటుకల మధ్య కంతలు వదిలి కట్టిన గోడ, లోపల నడిమధ్య రెండు మంచాలు పట్టేంత జాగాలో పైన ఆకాశం, కింద తులసికోట. మధ్యాహ్నం పన్నెండున్నర. హాల్లోకి అడుగు పెడుతూనే అలవాటు కొద్దీ స్విచ్చు కోసం గోడ తడిమాను.

“లైటు అక్కర్లేదు సార్,” అన్నాడు మేస్త్రీ.

అక్కర్లేదు, నిజమే. ఇంటికి ప్లాను ఎవరిచ్చారంటే మూల నిలబడి ఉన్న మా మేనకోడలిని చూపించాడు. పక్కకు పిలిచి, ఏమైనా తీసుకున్నావా అని అడిగాను.

“తీసుకున్నాను మామయ్యా. గీయకముందే ఇచ్చారు. అక్కర్లేదన్నా వినలేదు.”

మేస్త్రీని నిలదీయకుండా ఉండలేకపోయాను. ఇవన్నీ తెలిసినవాడివి, మా ఇల్లు అలా ఎందుకు కట్టావయ్యా అన్నాను.

“అది మీరు చెప్పినట్టు కట్టాను సార్,” అన్నాడు మర్యాదగా. “ఇది మేముండేది కదండీ.”

విస్తళ్లు వేసేదాకా ఏమీ తోచక, కూర్చుని కిటికీలు లెక్కపెట్టాను. పదకొండు. సిద్ధాంతిగారు నా పక్కనే కూర్చుని, ఇల్లు చల్లగా ఉందంటూ కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయనకు నేను చెప్పలేదు.