కారు మీద కప్పిన టార్పాలిన్ గారికి

శ్రీమాన్ టార్పాలిన్ గారి దివ్యసముఖానికి,
వెస్ట్ మారేడ్‌పల్లి, అపార్ట్‌మెంట్ సెల్లార్, నీళ్ల మోటారు పక్కన.

నమస్కారాలు. మీరు కులాసాగానే ఉన్నారు. నీలం రంగు కాస్త వెలిసింది, ఒక మూల పిల్లి చింపింది, అంతకుమించి మీకొచ్చిన లోటేమీ లేదు. లోటంతా మీ కింద ఉన్న బండికే. దానికి నోరు లేదు కాబట్టి దాని తరఫున నేను రాస్తున్నాను. హారన్ ఉండేది, దాన్నీ ఎవరో విప్పుకుపోయారు.

నేనెవరో మీకు తెలిసే ఉంటుంది. పాత స్పోర్ట్స్ కార్ల కోసం ఈ ఊరి సందులు పట్టుకు తిరిగే బాపతు. ఏ పాత బంగ్లా వెనకో, ఏ సెల్లార్ మూలో మీ జాతి వాళ్లు కప్పుకున్న చోట రెండు గుండ్రటి హెడ్‌లైట్లు ఉబ్బెత్తుగా కనబడితే చాలు, నా స్కూటర్‌కి బ్రేక్ పడుతుంది. ఆ తర్వాత వాచ్‌మన్‌తో మాటలు, వాచ్‌మన్ దయ ఉంటే ఓనర్‌తో మాటలు, ఓనర్ గారింట్లో టీ. అందరూ మర్యాదస్తులే. బండిని మాత్రం అమ్మరు, ముట్టుకోరు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వరు. ఆ నిబ్బరం వాళ్లకి మీ వల్లే వస్తోంది. మీరే లేకపోతే పొద్దున్నే లిఫ్టు దిగగానే ఆ బండి కళ్లబడేది. రోజూ చూస్తే సిగ్గేసేది. సిగ్గేస్తే ఏదో ఒక రోజు మెకానిక్‌కి ఫోన్ చేసేవాళ్లు. ఆ బాధ లేకుండా చేశారు మీరు.

మీ పనితనం గురించి మీ ముందే చెప్పుకోవాలి. గుడ్డతో కుట్టిన కవర్ అయితే గాలి ఆడుతుంది, తడి బయటికి పోతుంది. మీరు అసలు సిసలు ప్లాస్టిక్. పగలు నేలలోంచి లేచిన చెమ్మ మీ కిందే చేరుతుంది, రాత్రి చల్లబడి బొట్లుబొట్లుగా మీకే అంటుకుంటుంది, తెల్లారేసరికి బానెట్ మీదా ఫ్లోర్ మీదా రాలుతుంది. హైదరాబాదులో వాన నాలుగు నెలలే. మీ లోపల పన్నెండు నెలలూ కురుస్తుంది.

పైగా మీ కింద ఉన్నది మామూలు రేకు బండి కాదు. ఎంజీ కంపెనీ వారి టీసీ అనే స్పోర్ట్స్ కారు. 1945 నుంచి 1949 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో సుమారు 10,000 తయారుచేశారు. 1250 సీసీ ఇంజన్, రెండే సీట్లు, స్పోక్ చక్రాలు, అన్ని బండ్లకీ కుడివైపే స్టీరింగ్. డ్రైవర్ ఎదురుగా ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు ఉంటుంది. స్పీడ్ చూపించే మీటరు పక్క సీటు ఎదురుగా ఉంటుంది. అది భార్యల సౌకర్యం కోసం చేసిన ఏర్పాటని ఓనర్ పెద్దాయన అంటారు. బాడీ రేకులు ఉక్కువే గానీ వాటిని మోసేది యాష్ చెక్కతో చేసిన ఫ్రేము. అంటే తుప్పుకీ పని ఉంది, చెదలకీ పని ఉంది. మొన్న పెద్దాయన అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతుంటే, మీ అంచు కాస్త ఎత్తి, డోరు కింద చెక్కని బొటనవేలితో నొక్కాను. వేలు దిగబడింది. లోపల టీలో నానిన బిస్కెట్‌లా మెత్తటి ముద్ద, అందులో తెల్లటి చెదపురుగులు తాపీగా తిరుగుతున్నాయి. పైన రేకు మీద ఎర్ర రంగు మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది. మీరు కాపాడింది ఆ నిగనిగనే.

మా సంభాషణ మీరు పైనుంచి విన్నదే.

"అంకుల్, అమ్ముతారా?"

"అమ్మడమా! మా నాన్నగారి గుర్తు బాబూ అది."

"పోనీ, బాగుచేయిస్తారా?"

"చేయించాలి. మావాడు డాలస్ నుంచి రానీ."

మావాడు డాలస్ నుంచి వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా మీ మీద చెయ్యి వేసి ఫొటో దిగి, ఆవకాయ ప్యాక్ చేయించుకుని వెళ్తూనే ఉన్నాడు. దసరాకి మాత్రం లోటు రానివ్వరు. వాహనపూజ అంటే మీకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. టైరు కింద నిమ్మకాయ పెడతారు. బండి కదిలితే కదా నిమ్మకాయ నలిగేది? కిందటి దసరా నిమ్మకాయ ఇంకా అక్కడే ఉంది, గోలీ అంత అయింది.

ఇక వంశచరిత్ర. హైదరాబాదులో మీ జాతి కింద ఉన్న ప్రతి బండీ నిజాం గారిదే, లేదా కంటోన్మెంట్‌లో దొరగారు వెళ్లిపోతూ కన్నీళ్లతో తాతగారి చేతిలో పెట్టిందే. హిమాయత్‌నగర్‌లో ఒకాయన తన స్టాండర్డ్ గజెల్ కారులో చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ షికారుకు వెళ్లేవారని ఒట్టేసి చెప్పారు. గజెల్ మార్కెట్లోకి వచ్చింది 1972లో. నిజాం పోయింది 1967లో. టీ చేతిలో ఉంది కాబట్టి నేను నోరెత్తలేదు. నిజాం గారి అసలు ముచ్చట చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే సరిపోతుంది. 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, వెనక సింహాసనం లాంటి సీటు. మీలాంటి వారి అవసరం దానికి లేదు. అన్నట్టు, నిజాం మనవడు ముకర్రం జాకి ఇంజన్లంటే ప్రాణం. ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని బుల్డోజర్లు నడుపుకున్నారు, గ్రీజు చేతులతో తిరిగారు. నిజాం పేరు చెప్పుకునే మా ఓనర్లు ఆ గ్రీజు జోలికి మాత్రం పోరు.

కాగితాల సంగతి ఎత్తితే మీకు నవ్వొస్తుంది. ఓనర్ పోతే వారసులు మూడు నెలల్లో బండిని తమ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ మూడో తరం నడుస్తోంది, ఆర్సీ ఇంకా తాతగారి పేరు మీదే. ఆర్సీ కూడా బీరువాలో ఉందంటారు గానీ, బీరువా ఏ కోడలి వాటాకి పోయిందో తెలియదు. అన్నదమ్ములు ముగ్గురు సంతకాలు పెట్టాలి, అందులో ఇద్దరికి మాటల్లేవు. ఇంతలో చాసిస్ నంబర్ ఉన్న చోట తుప్పు పొలుసులు లేస్తోంది. రేపు ఆర్టీఏ వాళ్లు కాగితం అడ్డుపెట్టి పెన్సిల్‌తో రుద్దితే నంబర్ బదులు మీ ఆటోగ్రాఫ్ పడుతుంది.

అయినా ఒక్క విషయంలో మీకు దణ్ణం పెట్టాలి. మీరు కప్పని బండ్లకి ఈ ఊళ్లో ఏం జరిగిందో చూశాను. తుప్పు మీదే వేలు మందాన లప్పం పూశారు, పైన ఫెరారీ ఎరుపు కొట్టారు, హెడ్‌లైట్లలో ఎల్ఈడీలు బిగించారు, అసలు ఇంజన్ తీసి పాత ఇనుముకి వేసి మారుతి ఇంజన్ పెట్టారు. దాన్ని రెస్టొరేషన్ అని రీల్స్ తీస్తారు. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల రూల్స్ సవరించింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉంటేనే వింటేజ్ బండి. నంబర్‌లో వీఏ అని అక్షరాలు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లకూడదు. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, రిపేరుకి, పెట్రోల్ కొట్టించుకోడానికి వెళ్లొచ్చు. ఎల్ఈడీ రాజా వారు ఆ రూల్ ముందు నిలబడలేరు. మీ కింద చెదలు తింటున్న టీసీలో మాత్రం పుట్టినప్పటి ఇంజన్ అలాగే ఉంది. ఒక్కోసారి పట్టించుకోకపోవడమే బండికి మేలు చేస్తుంది, పిచ్చి ప్రేమ చూపించేవాడి కన్నా. ఇది ఒప్పుకోడానికి నాకు మనసు రావడం లేదు.

హిమాయత్‌నగర్‌లోనే మీ చుట్టం ఒకాయన స్టాండర్డ్ హెరాల్డ్ కారు మీద పడుకుని ఉన్నారు. దాన్ని అందరూ పాత డబ్బా అంటారు. మద్రాసులో తయారైన ఆ డబ్బాకి మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్ చాసిస్‌నే కుదించి ఇంగ్లండు వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండింటికీ గీతలు గీసింది ఇటలీ మనిషి మికెలొట్టి. బానెట్ మొత్తం రెక్కలతో సహా ముందుకి ఒరిగిపోతుంది. మెకానిక్ ముందు టైరు మీద కూర్చుని కార్బురేటర్ విప్పుకోవచ్చు. ఆ టైరు మీద ఇప్పుడు కోడి గుడ్లు పెడుతోంది.

ఇక మా పుత్లీబౌలి మెకానిక్ ఉస్తాద్ గురించి మీరు తెలుసుకోవాలి, త్వరలో కలుస్తారు కాబట్టి. టీసీ ఇంజన్ బోల్టులకి ఒక తిక్క ఉంది. మరలు మిల్లీమీటర్ల లెక్క, తలలు మాత్రం విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత. కొత్త పిల్లలు 13 పానా వేసి బలంగా తిప్పుతారు, తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆపైన ఉలీ సుత్తే గతి. ఉస్తాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో కిలోల లెక్కన కొన్న తుప్పు పానాల్లోంచి విట్‌వర్త్‌వి ఏరి, కిరోసిన్‌లో కడిగి, అమ్మగారి పాత చీర ముక్కలో చుట్టి పెట్టుకున్నాడు. ఎవరికీ అప్పివ్వడు. ఇంజన్ పట్టేసిందని చెబితే ఆయన భయపడలేదు.

"ప్లగ్గులు తీసి, డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపి లోపల పోసి ఇడిసిపెట్టాలె సాబ్. తొందరపడి సెల్ఫ్ కొట్టిండ్రనుకో, రింగులు ఖతం. రోజుకింత హ్యాండిల్ పెట్టి చేత్తో కదపాలె."

"ఎన్ని రోజులు పడుతుంది ఉస్తాద్?"

"అది ఇంజన్‌ని అడుగుండ్రి."

ట్యాంకులో పెట్రోల్ ఎప్పుడో జిగురైపోయి ఉంటుంది, అది దించాలి. రబ్బరు పైపులన్నీ మార్చాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి ఆ కాలం రబ్బరు ఆగదు. చెక్క ఫ్రేముకి వడ్రంగి కావాలి. మంచాలు చేసే వడ్రంగి వద్దు, వంపు తెలిసినవాడు కావాలి. దొరుకుతాడు.

అందుకని మీకు బదిలీ ఇప్పిస్తున్నాను. మోండా మార్కెట్‌లో కూరగాయల బండి మీద పోస్ట్ ఖాళీగా ఉంది. జీతం లేదు గానీ గాలీ వెలుతురూ పుష్కలం, నలుగురికీ పనికొచ్చే ఉద్యోగం. వచ్చే ఆదివారం పొద్దున వస్తున్నాం. "ఊరికే చూసుకోండి, ఏమీ విప్పొద్దు" అని పెద్దాయన ఒప్పుకున్నారు. ఉస్తాద్ ఊరికే చూసే మనిషి కాదని ఆయనకి నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి. మీ తాళ్లకి ముడులు పెద్దాయనే స్వయంగా వేశారట, కోస్తే ఊరుకోరట. మేం వచ్చే వేళకి కాస్త వదులుగా ఉండండి.

ఇట్లు,
మీ పొడ గిట్టని
పాత కార్ల పిచ్చోడు