దాత బొమ్మ కింద ఏం రాయాలి?

ఈసారి మన సంఘం ఉగాది సావనీరులో పులిహోర కలిపినవాళ్ల పేర్లు చివరి అట్ట లోపల, కళ్లజోడుకు కూడా ఆనని అక్షరాల్లో పడ్డాయి. ప్లాటినం దాతలకేమో తలా ఒక నిండు పేజీ: శాలువా, జ్ఞాపిక, వెనక ఎర్రతెర. దాతలు లేకపోతే హాలు అద్దె కట్టలేమన్నది నిజమే. కానీ డబ్బున్నవారి బొమ్మ ఇంతకంటే నిజాయితీగా వేసినవాళ్లున్నారు.

ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అప్పులిచ్చిన బ్యాంకరు సామ్యుయెల్ బెర్నార్. 1726లో రిగో గీసిన ఆయన చిత్రాన్ని 1729లో ద్రెవే అచ్చు వెయ్యడానికి రాగిరేకు మీద చెక్కాడు. పెద్ద విగ్గు, లేసు, ఒంటిమీద పారే మఖ్మల్, పక్కన భూగోళం. అంతటితో ఆగితే మన ప్లాటినం పేజీయే. కానీ వెనక సముద్రం మీద ఓడలున్నాయి. సొమ్ము ఏ దారిన వచ్చిందో చూసినవాడికి తెలుస్తుంది.

ఆ మఖ్మల్ మెరుపంతా గీతల పనే. బ్యూరిన్ అనే ఉలిని రాగిలోకి లోతుగా తోస్తే గీత వెడల్పవుతుంది, తేల్చితే సన్నబడుతుంది. నీడలో గీతల మీద గీతలు అడ్డంగా పడతాయి. మెరిసేచోట రాగిని ముట్టుకోరు. సిరా గీతల్లోకి కూరి, పైభాగం తుడిచి, తడి కాగితం పెట్టి రోలరు ప్రెస్సులో లాగుతారు. కాగితం ఆరిపోతే గీతల్లో సిరా సరిగా ఎత్తుకోదు. అచ్చులు పెరిగేకొద్దీ రాగి అరిగి సన్నగీతలే ముందు పోతాయి. బొమ్మ కింద కొత్త బిరుదు చేర్చడం తేలిక. ఉన్నది తీసెయ్యాలంటే మాత్రం గీకి, రేకును వెనకనుంచి కొట్టి మళ్లీ చదును చెయ్యాలి. మన అధ్యక్షులవారికి ఈ సంగతి నచ్చుతుంది!

ఆ బొమ్మా అన్నీ చెప్పదు. ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా అమెరికాకు తరలించిన గినీ కంపెనీలో బెర్నార్‌కు వాటా ఉంది. 1709లో ఆయన చెల్లింపులు ఆగిపోయి లియోన్ నగరంలో డబ్బు బజారు కుదేలైంది. ఓడలు కనిపిస్తాయి గానీ ఓడలోపల ఏముందో కనిపించదు.

మన దాతల్లో దాచాల్సిందేమీ లేనివాళ్లే ఎక్కువ. అందుకే అడుగుతున్నా: ఒక్కొక్కరికి అరపేజీ చాలు. ఫోటో కింద బిరుదులకు బదులు రెండు వాక్యాలు వెయ్యండి: ఏ పనితో సంపాదించారు, ఇచ్చింది దేనికి ఖర్చయింది. మిగిలిన అరపేజీల్లో వంటవాళ్లు, కుర్చీలు మోసినవాళ్లు, పిల్లలకు బడి నడిపినవాళ్లు, వాళ్లవీ ఫోటోలతోనే. దీపావళి సంచిక లేఅవుట్ మొదలయ్యేలోగా కార్యవర్గం ఇది తేల్చాలి.